మొదటి విస్తరి

కూర్చోబెట్టేశారు, ఇక లేవడానికి లేదు. షామియానా కింద వేసిన బల్లల వరసలో మొదటి కుర్చీ నాది, మొదటి విస్తరి నాది, నా ఆకులో మెతుకు పడేదాకా ఇంకెవరి ఆకులోనూ ఏదీ పడకూడదని పోయినాయన భార్య ప్రసూనాంబ గారు పొద్దున్నే వంటవాళ్ళకి గట్టిగా చెప్పిందట. పోయినవాడి నోట్లో చివరి నీళ్ళు పోసినవాడు ఆ ఇంటికి కొడుకు లెక్కట, వీళ్ళ ఇళ్ళల్లో పెద్దకర్మ నాడు మొదటి విస్తరి అతనిదేనట. ఖర్మ కాకపోతే ఏమిటిది. ఎదురుగా కుర్చీలో దండ వేసిన ఫోటోలో కుటుంబరావు గారు నవ్వుతున్నాడు, ఎవరి పెళ్ళిలో తీసిన ఫోటోనో, పక్కనున్న మనిషిని కత్తిరించేసినా భుజం మిగిలిపోయింది, ఆయన చూపు సరిగ్గా నా ఆకు మీదే పడుతోంది. ఆయన్ని చంపింది నేను. ముక్త్యాల నుంచి సిమెంటు తోలే లారీ డ్రైవర్ని, రత్నబాబుని, మొన్న వత్సవాయి రోడ్డు మీద ఆయన బండిని వెనక నుంచి కొట్టి పత్తిచేలోకి ఎగరగొట్టినవాణ్ణి, ఇప్పుడు ఆయన ఇంటి ముందు, ఆయన పేరున వండిన పప్పన్నం కోసం చేతులు కడుక్కుని కూర్చున్నాను. ఎవరో ఆకు మీద నీళ్ళు చిలకరించి పోయారు, తుడవబోయి ఆగాను, పక్కాయన చూస్తున్నాడు.

పక్కాయన భవానీప్రసాద్ గారు. నందిగామలో ఆయన ఆఫీసు బోర్డు మీద రియల్ ఎస్టేట్ అని ఉంటుంది. రోడ్డు పక్క పొలం అమ్మనన్నవాడు, రేవులో ఇసక లారీలకి అడ్డం పడ్డవాడు, కోర్టుకెక్కినవాడు, ఎవరైనా సరే, ఆయన మొదట బతిమాలతాడు, తర్వాత బెదిరిస్తాడు, ఆ తర్వాత ఇక మాట్లాడడు. మాట్లాడ్డం మానేశాడంటే నాకు ఫోన్ వస్తుందన్నమాట. ఈ రోజు తన కారులోనే నన్ను ఎక్కించుకొచ్చాడు, తెల్ల కారు, లోపల చలి, మల్లెపూల సెంటు వాసన. జగ్గయ్యపేట దాటాక ఆయన కోడిపందేల కబుర్లు చెబుతుంటే ఊఁ కొడుతూ కూర్చున్నాను. ఊరి ముందు కల్వర్టు వచ్చింది, ఆ కల్వర్టు దగ్గరే కదా నేను కుటుంబరావు గారిని కొట్టింది, అటు చూడకూడదనుకుంటూనే చూశాను. వేపచెట్టు కింద లారీ ఆగి ఉంది. నాది. ముందు అద్దం మీద మా ఆవిడ కట్టిన నిమ్మకాయల దండ, ఎడమ లైటు మీద నేను వేయించిన ఆకుపచ్చ రేకు. క్లచ్ పని ఉంది, బండి షెడ్డులో ఉంటుంది, రేపు నీకు సెలవు అని నిన్ననే ఈయన చెప్పాడు. బండిలో లోడు లేదు, మూతి రోడ్డు వైపు పెట్టి ఉంది, క్యాబిన్లో దిలీప్ కూర్చున్నాడు, ఈ మధ్యనే పనిలో చేరాడు, నేనే నేర్పుతున్నాను. "దిలీప్ ఇక్కడేం చేస్తున్నాడండీ," అన్నాను. "లోడు లేదంటలే, పడుకున్నాడేమో," అన్నాడు భవానీప్రసాద్ గారు, అటు తల కూడా తిప్పకుండా. అటు చూడని మనిషికి పడుకున్నాడో లేచాడో ఎట్లా తెలుసు. అక్కడి నుంచీ నాకు దాహంగానే ఉంది, ఆకు పక్కన గ్లాసులో నీళ్ళున్నాయి, తాగబుద్ధి కావడం లేదు.

లారీ మూతి రోడ్డు వైపు పెట్టుకోవాలని దిలీప్‌కి చెప్పింది కూడా నేనే. నాకు, నాకంటే ముందు ఈ పని చేసిన థామస్ చెప్పాడు. మూతి రోడ్డు వైపు, ఇంజను ఆపకూడదు, ముందు నుంచి కొట్టకూడదు, వెనక నుంచి రావాలి, హారన్ కొట్టాలి, వినేవాళ్ళకి మనం జాగ్రత్తపడ్డట్టు ఉండాలి, కొట్టాక అద్దంలో చూడకూడదు. థామస్ మంచి డ్రైవరు, మంచివాడు అనను, డ్రైవరు మంచివాడు. కత్తితో పొడిస్తే అది హత్య, లారీతో కొడితే అది అజాగ్రత్త, అదే తేడా అనేవాడు బీడీ వెలిగించుకుంటూ. నిజమే. నా పేరు మీద ఉన్నవన్నీ అజాగ్రత్తలే. చెవిటికల్లు రేవులో ఇసక బళ్ళని అడ్డుకున్న మనిషి ఒక అజాగ్రత్త, కంచికచర్ల దగ్గర టీ తాగి రోడ్డు దాటుతున్న కాంట్రాక్టరు ఒక అజాగ్రత్త, నాలుగు రోడ్ల సెంటర్లో జనమంతా చూస్తుండగానే, పాపం బ్రేకులు పడలేదంట అని వాళ్ళే నా మీద జాలిపడ్డారు. కొన్నిటికి నా బదులు ఇంకెవడో స్టేషన్‌కి పోయి బండి నాదేనని ఒప్పుకున్నాడు. నిద్ర పట్టేది. అబద్ధం ఎందుకు, పట్టేది. మనిషి మొహం చూడం కదా, వీపు చూస్తాం, వీపుకి పేరుండదు. థామస్ వీపు తప్ప. థామస్ తాగి ఎక్కడో నోరు జారాడు. ఆ సాయంత్రం చిల్లకల్లు దగ్గర డాబాలో అందరం తింటున్నాం, భవానీప్రసాద్ గారు వచ్చి థామస్ భుజం మీద చెయ్యేసి, "తిని రా థామస్, బండిలో దింపుతా," అన్నాడు. థామస్ సంబరపడ్డాడు, ఓనర్ కారులో దింపుతానన్నాడని. క్వారీ మలుపులో దింపారు అతన్ని. అక్కడ మూతి రోడ్డు వైపు పెట్టుకుని ఉన్నది నేను. గళ్ళ చొక్కా, మెడ మీద మడత, మిగిలిన పరోటాలు పొట్లం కట్టించుకున్నాడు ఇంట్లోవాళ్ళకి, ఆ పొట్లం చేతిలో ఊగుతోంది. హారన్ కొట్టాను. మామూలు హారనే అనుకుని పక్కకి తప్పుకున్నాడు, నేనని తెలిసి కాదు. అప్పట్నించి నిద్ర పట్టదు. థామస్‌ని చంపినందుకని నాకు నేను ఒప్పుకోవడానికే చాలా కాలం పట్టింది, చాన్నాళ్ళు గ్యాస్ అనుకుని మాత్రలు మింగాను.

ఇంకా వడ్డించరేం. వంటవాళ్ళు గారెల పళ్ళెం పట్టుకుని నిలబడ్డారు, ఎవరో పెద్దాయన రావాలట, ఆయన కూర్చుంటేగాని వరస నిండదట. ఈ కాలంలో అందరూ నిలబడి తినే భోజనాలే కదా, హాయిగా పళ్ళెం పట్టుకుని ఓ మూల నిలబడి ఎప్పుడంటే అప్పుడు జారుకోవచ్చు. ఈ ఇంట్లో అట్లా కుదరదట. కుటుంబరావు గారికి పంక్తి అంటే పంక్తే, అందరూ కలిసి కూర్చోవాలి, కలిసి లేవాలి, చివరివాడు తినడం అయ్యేదాకా మొదటివాడు లేవకూడదు. వాళ్ళమ్మాయి లహరి పెళ్ళిలో ఈ భవానీప్రసాద్ గారే ఫోన్ వచ్చిందని మధ్యలో లేవబోతే అందరి ముందూ కుటుంబరావు గారు చెయ్యి పట్టి కూర్చోబెట్టేశాడట. "పక్కవాడి నోట్లో ముద్ద ఉండగా నువ్వు లేస్తే వాణ్ణి లేపినట్టే కదయ్యా," అన్నాడట. వచ్చేటప్పుడు కారులో ఈయనే చెప్పాడు నవ్వుతూ, ఆ నవ్వు నాకు తెలుసు, ఆయన మర్చిపోని మనిషి. ఒక పొలం కోసం చంపిస్తాడు సరే, దాంట్లో ఆ చెయ్యి పట్టి కూర్చోబెట్టడం కూడా ఎంతో కొంత కలిసే ఉంటుంది.

ఆ మధ్యాహ్నం ఎండ. హారన్ కొట్టాను, కుటుంబరావు గారి బండిని కొట్టాను, అద్దంలో చూడలేదు. లారీ క్వారీలో పెట్టేసి మోటారుసైకిలు మీద వెనక్కి వచ్చాను, పని అయిందో లేదో చూసుకోవడం మాలో ఉన్నదే, దూరం నుంచి చూసి పోతాం, అంతే. దూరం నుంచి చూస్తే పత్తిమొక్కల్లో తెల్లచొక్కా కదిలింది. పోయి ఉండాల్సింది నేను. దగ్గరికి ఎందుకు పోయానో ఇప్పటికీ తెలియదు, థామస్ దగ్గరికి పోలేదు కదా అప్పుడు, అందుకేనేమో. ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి. బాబూ దాహం అన్నాడు. బండి సంచిలో నీళ్ళ సీసా ఉంది. అట్లా లోపల దెబ్బలు తగిలినవాడి నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, డ్రైవర్లందరికీ తెలుసు ఆ సంగతి, నాకూ తెలుసు. పోశాను. జాలిపడి పోశానా, మొదలెట్టిన పని పూర్తి చెయ్యడానికి పోశానా, సీసా మూత తిప్పుతున్నప్పుడు నా చేతికి తెలిసి ఉండాలి, నాకు చెప్పలేదు. తల ఒళ్ళో పెట్టుకుని పోశాను. రెండు గుక్కలు తాగి, "నీ పేరేంటి బాబూ," అన్నాడు. ఏదో ఒక పేరు చెప్పొచ్చు కదా, ఊళ్ళో ఎన్ని పేర్లు లేవు. రత్నబాబునండి అన్నాను. "రత్నబాబూ, మా అమ్మాయి లహరికి చెప్పు. పొలం ఇవ్వొద్దని చెప్పు. నేను ప్రసాదుకి మాటివ్వలేదు, ఇచ్చాననే చెబుతాడు వాడు. చెప్తావుగా," అన్నాడు. చెప్తానండి అన్నాను. అప్పటికే పత్తి తీసే ఆడవాళ్ళని ఎక్కించుకున్న ఆటో వచ్చి ఆగింది, వాళ్ళంతా దిగి గొల్లుమన్నారు, వాళ్ళ కళ్ళకి కనపడిందేమిటంటే నా ఒళ్ళో ఆయన తల, నా చేతిలో నీళ్ళు. ఆయన పెదాలు ఇంకా తడిగానే ఉన్నాయి పోయేటప్పటికి. సుబ్బమ్మ అనే ఆవిడ నా తల నిమిరి, ఎవరి కన్నబిడ్డవో నాయనా, నిండా నూరేళ్ళు బతుకు అంది. నా బొంద.

అట్లా నా కేసులో నేనే సాక్షినయ్యాను. లారీ నంబరు చూశావా అని స్టేషన్‌లో అడిగితే చూడలేదండి అన్నాను, టీ ఇప్పించారు. భవానీప్రసాద్ గారు మాత్రం ఆ రాత్రి ఆఫీసు తలుపేసి, "ఏమన్నాడ్రా పోయేటప్పుడు," అని అడిగాడు. దాహమన్నాడండి. "ఇంకా?" అంతేనండి. కాసేపు నా మొహంలోకి చూసి, సరే పో అన్నాడు. ఆ చూపుకే అర్థం చేసుకోవాల్సింది. అర్థమైనా ఎక్కడికి పోను. ఈయన లేని ఊరు నాకు తెలియదు, నేను ఉంటున్న ఇల్లు ఈయనది, నా లైసెన్సు ఈయన బీరువాలో, నా అజాగ్రత్తలన్నీ ఈయన నాలిక చివర. పారిపోయినవాడి మీద అవన్నీ హత్యలైపోతాయి. పోనీ పెద్దకర్మకి రానంటే? వాళ్ళ మనుషులు ఇంటికొచ్చి బొట్టు పెట్టి మరీ పిలిచినట్టు పిలిచారు, రాకపోతే అనుమానమొస్తుంది, పద నేనే తీసుకెళ్తా అన్నాడు ఈయన. తీసుకొచ్చాడు. వచ్చే దారిలో నా లారీ.

గారె పడింది. నా ఆకులోనే ముందు. ప్రసూనాంబ గారు తనే స్వయంగా నెయ్యి గిన్నె పట్టుకుని వచ్చింది, బొట్టు తీసేసిన నుదుటి మీద ఆ చోటు ఇంకా తెల్లగా ఉంది, పక్కన లహరి, నందిగామలో టీచరుగా చేస్తోందట, కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వరస మొత్తం నన్నే చూస్తోంది. తిను నాయనా అంది ఆవిడ. తుంచి నోట్లో పెట్టుకున్నాను, గారె బాగుంది, అదే నాకు అసహ్యంగా అనిపించింది, ఇంత బాగుండటం. నమిలాను. ఆవిడ కదల్లేదు.

"ఆయన ఏమన్నా అన్నాడా నాయనా. నా గురించి కాదులే. పిల్ల గురించి."

పక్కన భవానీప్రసాద్ గారి చెయ్యి ఆకు మీద ఆగింది. దాహమన్నాడమ్మా అన్నాను. నీళ్ళు తాగి పోయాడా అని ఆవిడ తనలో తనే అనుకుంది, నీళ్ళయినా తాగి పోయాడు, నీ కడుపు చల్లగా అంది. అప్పుడు భవానీప్రసాద్ గారు గొంతు సవరించుకున్నాడు, మెత్తటి గొంతు, ఇళ్ళల్లో వాడేది. "అమ్మా లహరీ, సమయం కాదనుకో, అయినా పెద్దలందరూ ఉన్నారు కాబట్టి అంటున్నా. మీ నాన్న ఆ రోడ్డు పక్క పొలం సంగతి నాకు మాట ఇచ్చాడు. కాయితాలు కారులో ఉన్నాయి. భోజనాలయ్యాక ఆ పని కానిచ్చేద్దాం. మాట తప్పినవాడిగా పోకూడదు కదమ్మా ఆయన."

"నాన్న మాటిస్తే నేను కాదనను బాబాయ్," అంది లహరి, నేల చూస్తూ.

"సాక్షి సంతకం మన రత్నబాబు చేత పెట్టిద్దాం. అంతకంటే అయినవాడెవడు."

"పెట్టు అన్నయ్యా," అంది లహరి. నన్నే.

పెడితే బతుకుతాను. ఆ లెక్క తేలిపోయింది నాకు, గారె మింగేలోపే. సాక్షి రిజిస్ట్రేషన్ నాడు ఆఫీసుకి రావాలి, కాబట్టి రిజిస్ట్రేషన్ దాకా నాకేమీ కాదు, దిలీప్‌కి ఫోన్ వెళ్తుంది, నా లారీ కల్వర్టు దగ్గర నుంచి కదిలి క్లచ్ బాగానే ఉందని షెడ్డుకి పోతుంది. అందుకే తెచ్చాడన్నమాట రెండిటినీ, అటు లారీ, ఇటు సంతకం, ఏది కావాలో నువ్వే తేల్చుకో అని. తెలివైనవాడు. ఆ తర్వాత? ఆ తర్వాత ఎప్పుడో ఒక డాబాలో నా భుజం మీద చెయ్యి పడుతుంది, అప్పటిదాకా ఇట్లాగే, నిద్ర లేకుండా, మాత్రలు మింగుతూ, ప్రతి ఏడూ తద్దినానికి వచ్చి ఈ ఇంట్లో మొదటి విస్తరి ముందు కూర్చుంటూ. ఆవిడ పిలవకుండా ఉండదు. ఆ పిల్ల అన్నయ్యా అనకుండా ఉండదు. ఆయన మాటివ్వని పొలం పోయిందని ఒకనాడు తెలుస్తుంది వీళ్ళకి, ఎంత మోసం జరిగిందో తెలుస్తుంది, అప్పుడు కూడా నాకే వడ్డిస్తూ నాకే చెప్పుకుంటారు. లహరి కాటన్ చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. వాళ్ళ నాన్న కూడా అంతే, పత్తి ఆకొకటి వేలికి చుట్టుకున్నాడు ఆ చివర్లో, నొప్పి ఓర్చుకోవడానికి కాబోలు. చెప్తావుగా అన్నాడు. అంతమందిని కొట్టాను, ఒక్కడూ నన్ను ఏదీ అడగలేదు, అడిగే వ్యవధి ఇవ్వలేదు నేను. ఈయనొక్కడే అడిగాడు, ఈయనొక్కడికే చెప్తానండి అన్నాను. భయంగా ఉంది. ఇంత భయం నాకు ఎప్పుడూ వెయ్యలేదు, స్టీరింగు వెనక కూర్చున్నవాడికి భయం తెలియదు కదా. నోట్లో ఇంకా గారె ముక్క ఉంది. దాన్ని మింగేసి, మంచినీళ్ళు తాగాను, గ్లాసు సగానికి.

"ఇవ్వొద్దన్నాడమ్మా," అన్నాను.

నా గొంతు నాకే చిన్నగా వినపడింది, మళ్ళీ అన్నాను. "పొలం ఇవ్వొద్దని లహరికి చెప్పమన్నాడు. ప్రసాదుకి నేను మాట ఇవ్వలేదు, ఇచ్చాననే చెబుతాడు అన్నాడు. ఇందాక చెప్పలేదు, తప్పయింది. భయమేసి చెప్పలేదు."

సాంబారు బకెట్టు పట్టుకున్నతను అట్లాగే నిలబడిపోయాడు. లహరి తల ఎత్తి ముందు నన్ను చూసింది, తర్వాత భవానీప్రసాద్ గారిని చూసింది, చాలాసేపు. కొంగు వదిలేసింది. "అయితే ఇవ్వను," అంది, టీచరు పిల్లలకి చెప్పినట్టు, నెమ్మదిగా. భవానీప్రసాద్ గారు నవ్వాడు. "పోయేటప్పుడు మనిషి ఏదేదో అంటాడు, సరేలేమ్మా, నీ ఇష్టం," అని ఫోన్ తీసి ఒకే ఒక్క వేలితో ఏదో నొక్కి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నా వైపు ఒరిగాడు, మల్లెపూల సెంటు, భుజం మీద చెయ్యి, బరువుగా, వెచ్చగా.

"తిని రా రత్నబాబూ. బండిలో దింపుతా."

థామస్‌కి అది ఎట్లా వినపడిందో గాని నాకు మాత్రం లోపల నా లారీ ఇంజను స్టార్టయిన చప్పుడే వినపడింది. మొత్తం చెప్పేయొచ్చు ఇప్పుడు, లారీ నాదే, కొట్టింది నేనేనమ్మా అని. నోరు తెరిచాను కూడా. ప్రసూనాంబ గారు నా ఆకులో అన్నం పెట్టి, పప్పు వేసి, పైన నెయ్యి పోస్తోంది, ఆవిడ కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం వణకడం లేదు. "నిదానంగా తిను నాయనా, నువ్వు తినేదాకా ఎవరూ లేవరు," అంది. ఆ మాట విన్నాక నోరు మూసుకున్నాను. చెప్తాను, ఈ విస్తరి అయ్యాక చెప్తాను. భవానీప్రసాద్ గారు తన ఆకులో పడ్డవన్నీ గబగబా కెలికేసి ఆకు మడిచేశాడు, లేవబోయి, వరస మొత్తం తన వైపు చూడటం చూసి, మళ్ళీ కూర్చున్నాడు. ఫోటోలో కుటుంబరావు గారు నవ్వుతున్నాడు. నేను ముద్ద చేశాను, చిన్నది, చంటిపిల్లలకి పెట్టేంత, నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాను. వరసలో ఒక్కొక్కరే తినడం ముగించి చేతులు ఆకుల మీద పెట్టుకుని కూర్చుంటున్నారు. పెరుగు తెచ్చినతను నా దగ్గర ఆగి వెయ్యమంటారా అన్నాడు. అప్పుడే వద్దు, ముందు ఇంకొంచెం పప్పు వెయ్యమన్నాను.